పదకొండో రోజు చుక్క

డాక్టరమ్మ వస్తోందని కబురందిన దగ్గర్నుంచి మా తోడికోడలు మీరిమ్ కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్న కంబళ్ళన్నీ బయటికి లాగి దులిపింది. దులిపినవే మళ్ళీ దులిపింది. పిండి కలిపి నూనెలో బోర్సోక్‌లు వేయించడానికి కూర్చుని, అవి నల్లబడుతున్నా చూస్తూనే ఉంది కానీ తియ్యలేదు. నేను చేతిలోంచి గరిటె లాక్కున్నాను.

"ఏమే, వచ్చేది డాక్టరమ్మే కదా, పెళ్ళివారు కాదుగా?" అన్నాను.

"కాగితం తెస్తోందట అక్కా. అచ్చయిన కాగితం."

"తెస్తే?"

"అందులో నా పిల్ల ఉంది కదా."

నా నోరు ఊరుకునేది కాదని ఈ లోయలో అందరికీ తెలుసు. జానిల్ నోట్లో పడకండిరా అని చిన్నపిల్లలకి కూడా చెబుతారు. అలాంటి నేను ఆ మాట విని, మాడినవి పక్కకి ఏరేస్తూ కూర్చున్నాను.

సంగతేమిటో చెబుతాను. తొమ్మిదేళ్ళ కిందట, కనుమ మంచుతో మూసుకుపోయే రోజుల్లో, మీరిమ్‌కి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. మా మామగారు ఆ పిడికెడు పిల్లని చేతుల్లోకి తీసుకుని, మొహం అచ్చు మా అమ్మదే అని మురిసిపోయి, చెవిలో ప్రార్థన చెప్పి తన తల్లి పేరు పెట్టాడు. మా వంశంలో ఆ ముసలమ్మ పేరంటే మాటలు కాదు. అది ఎవరికి పడితే వాళ్ళకి పెట్టేది కాదు. అన్ని మనవరాళ్ళు పుట్టినా దాచి దాచి ఈ పిల్లకి పెట్టాడంటే ఎంత ముద్దొచ్చి ఉండాలి!

ఆ పేరేమిటని నన్నడగొద్దు. అత్తింటి పెద్దల పేర్లు కోడళ్ళు నోటితో అనకూడదు, మా దగ్గర అంతే. ఈ ఇంటికొచ్చి పాతికేళ్ళయింది, మా అత్త పేరు కూడా నేనెప్పుడూ అనలేదు. ఆ పేరుకి దగ్గరగా ఉండే మాట ఏదైనా సరే, చుట్టూ తిప్పి ఇంకోలా చెప్పుకుంటాం. అందుకని ఈ పిల్లని నేనూ మీరిమూ 'చిట్టవ్వ' అని పిలిచేవాళ్ళం. చిట్టవ్వ పాలు తాగిందా, చిట్టవ్వ నిద్రపోయిందా అని.

మొదట్లో బాగానే తాగింది. తరవాత తాగడం మానేసింది. పదకొండో రోజున పట్నం ఆసుపత్రికి తీసుకెళ్దామని బయల్దేరారు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ చుట్టారు, వాటి మీద గొర్రెతోలు చుట్టారు. కనుమ మీద బండి మంచులో కూరుకుపోయింది. మగవాళ్ళు దిగి దారి తవ్వారు. బండి కదిలేటప్పటికి దుప్పట్ల మూట మీరిమ్ ఒళ్ళో అలాగే ఉంది కానీ లోపల పిల్ల చల్లబడిపోయింది. పట్నం దాకా వెళ్ళే పని లేకుండా పోయింది.

ఆ తరవాతి వేసవిలో రాజధాని బిష్కెక్ నుంచి కెంజెగుల్ అనే డాక్టరమ్మ వచ్చి మా లోయలో గడప గడపా తొక్కింది. పుట్టిన నెలలోపు పోయిన బిడ్డల సంగతి అడిగింది. అలా పోయిన బిడ్డల ఊసు మా దగ్గర ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఉన్న పిల్లలకి తగులుతుందని భయం. ఆవిడ మాత్రం పట్టు వదల్లేదు. తల్లిని విడిగా, అత్తని విడిగా కూర్చోబెట్టి అడిగేదట. ఇద్దరూ చెప్పింది కలిస్తేనే లెక్కలోకి తీసుకునేదట. అప్పుడు నేను ఇంట్లో లేను, మందతో పాటు పైన పచ్చికబయళ్ళలో ఉన్నాను.

మొత్తం మీద ముప్పై ఒక్కమంది బిడ్డలు తేలారు. వాళ్ళలో చాలామంది రోగంతో కాదు, చలితో పోయారని ఆవిడ రాసింది. ఎన్ని దుప్పట్లు చుట్టినా దుప్పటి వేడి పుట్టించదు, తల్లి ఒళ్ళే పుట్టిస్తుంది, బిడ్డని గుడ్డల్లేకుండా తల్లి రొమ్ముల మధ్య ఆనించి పైన కప్పి తీసుకెళ్ళండి అని రాసింది. అది ఆవిడ కొత్తగా కనిపెట్టిందేమీ కాదట. కానీ ఇలాంటి చలిలో, ఇలాంటి దారుల మీద దాని అవసరం ఎంతో లెక్క కట్టి చూపించింది ఆవిడేనట. ఇంకేముంది, ఎక్కడెక్కడి డాక్టర్లో ఆ వ్యాసం పట్టుకుని తమ వ్యాసాలు రాసుకున్నారు. మా పట్నం ఆసుపత్రిలో తల్లీబిడ్డలకి వెచ్చటి గది కట్టారు. ఊరూరా నర్సులు వచ్చి నేర్పారు. పోయిన చలికాలం మా పెద్దమ్మాయి బిడ్డ ఆ కనుమ మీదుగానే తల్లి ఎద మీద పడుకుని పట్నం చేరాడు. ఇప్పుడు వాడు ఇల్లంతా పాకుతూ చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు.

ఎవరి బిడ్డ అలా బతికి తిరిగొచ్చినా మీరిమ్ వెళ్ళి చూసొచ్చేది. బుగ్గ తాకి, కాసేపు ఎత్తుకుని, తల్లికిచ్చేసి ఇంటికొచ్చేది. "మా చిట్టవ్వ పంపించింది అక్కా," అనేది, నాతో మాత్రమే. ఆ తరవాత దానికి ఇద్దరు మగపిల్లలు పుట్టారు. అయినా దాని మనసు ఆ ఆడపిల్ల దగ్గరే ఉండిపోయింది. పిల్ల సమాధి అని చూపించడానికి కొండవార నాలుగు రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ నాలుగు రాళ్ళ కంటే, ఎక్కడో అచ్చయిన ఆ కాగితమే తన కూతురికి ఇల్లని మీరిమ్ అనుకుంది.

ఇప్పుడు డాక్టరమ్మ మళ్ళీ ఎందుకొస్తోందంటే, ఆ వ్యాసం ఎవరికేం మేలు చేసిందో ఆ ఊరివాళ్ళ నోటే చెప్పించుకు రమ్మని వాళ్ళ పైవాళ్ళు అన్నారట.

వచ్చింది. అప్పటికంటే చిక్కింది, జుట్టు సగం నెరిసింది. చెప్పులు విప్పి లోపలికొచ్చి, గోడవార పెద్ద పరుపు మీద కూర్చున్న మా అత్తకి వంగి నమస్కారం పెట్టింది. మా అత్త ఆవిడని పైనుంచి కిందికి చూసింది.

"పెళ్ళయిందా అమ్మా?"

"లేదు అపా," అంది. పెద్దావిడల్ని మా దగ్గర అలాగే పిలుస్తాం.

"పోయినసారీ లేదనే అన్నావు. ఇన్నేళ్ళూ ఏం వెలగబెట్టావు?"

"వ్యాసాలు రాశాను అపా."

"అవి రాత్రిళ్ళు లేచి పాలకి ఏడుస్తాయా?"

"పాలకి కాదు గానీ, ఏడుస్తాయి అపా. నిద్ర పోనివ్వవు."

మా అత్త పకపకా నవ్వి, మీగడ గిన్నె ఆవిడ వైపు జరిపింది. అంటే నచ్చిందన్నమాట. నేను ఉప్పు వేసిన పాల టీ పోశాను. డాక్టరమ్మ రెండు గుక్కలు తాగి చెప్పుకొచ్చింది. ఆ వ్యాసాన్ని ఇథియోపియాలో చదివారట, నేపాల్ కొండల్లో చదివారట, ఇండియాలో నర్సుల బడిలో పాఠం చెబుతున్నారట.

"మా సంగతులు అంత దూరం వెళ్ళాయా?" అంది మా అత్త. "మా పక్క ఊరికి పోవడానికే సరైన రోడ్డు లేదు కదే!"

డాక్టరమ్మ ఫోను తీసి మీరిమ్ ఎదురుగా పెట్టింది. "మీరిమ్, నువ్వు రెండు మాటలు చెప్పాలి. ఈ వ్యాసం వచ్చాక మీ ఊళ్ళో ఏం మారిందో, నీకేమనిపిస్తోందో. ఉన్నది ఉన్నట్టు చెప్పు చాలు."

"చెబుతాను అక్కా," అంది మీరిమ్. "ముందు కాగితం చూపించండి."

జాం గిన్నెలూ రొట్టెలూ పక్కకి జరిపి, నేల మీద పరిచిన భోజనాల గుడ్డ మీద చోటు చేశాం. డాక్టరమ్మ సంచిలోంచి కాగితాలు తీసి పరిచింది. ఆ భాష మాకెవరికీ రాదు. మీరిమ్ లేచి వెళ్ళి చేతులు కడుక్కొచ్చింది. కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ కూర్చుంది.

"ఇందులో నా పిల్ల ఎక్కడుంది?"

"పేర్లు వెయ్యకూడదమ్మా, అది నియమం," అంటూ డాక్టరమ్మ ఒక పేజీ తిప్పింది. "ఇదిగో, ఈ బొమ్మ చూడు. ప్రతి చుక్కా ఒక బిడ్డ. కింద ఉన్న అంకెలు ఎన్నో రోజున పోయిందో చెబుతాయి."

"ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క బిడ్డా?"

"అవును."

మీరిమ్ మొహం చూడాలి మీరు! ఆ చుక్కల మీద అరచెయ్యి పెట్టింది, నిద్రపోయే పిల్లల మీద పెట్టినట్టు. తరవాత వేలితో అంకెలు చదువుకుంటూ వెళ్ళింది. మొదటి రోజు మీద చాలా చుక్కలున్నాయి. రెండు మీద, మూడు మీద ఉన్నాయి. ఏడు, తొమ్మిది, పది. పది దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకొచ్చింది.

"పదకొండు మీద చుక్క లేదేం అక్కా?"

డాక్టరమ్మ టీ తాగుతూ మామూలుగానే అంది. "పదకొండో రోజున ఎవరూ పోలేదమ్మా. అలా మధ్యలో ఖాళీలు పడుతుంటాయి."

"నా పిల్ల పోయింది," అంది మీరిమ్.

డాక్టరమ్మ టీ గిన్నె కింద పెట్టింది. పెట్టె లాంటి కంప్యూటరు తెరిచి, చాలాసేపు వెతికింది. వెతుకుతున్నంతసేపూ మీరిమ్ వేలు ఆ తెల్లటి చోటు మీదే ఉంది.

"మీ ఇంటి సంగతి ఉంది," అంది చివరికి. "నువ్వు చెప్పావు, అపా కూడా చెప్పారు. కానీ పేరు దగ్గర ఇద్దరూ ఏమీ చెప్పలేదు. పేరు లేకపోతే మీరిద్దరూ ఒక బిడ్డ గురించే చెబుతున్నారో, వేరు వేరు బిడ్డలో మాకు తెలియదు. ఒకే బిడ్డని రెండుసార్లు లెక్కేస్తామేమోనని పేరు లేనివాళ్ళని పక్కన పెట్టేశాం. నేను... పేరు పెట్టకముందే పోయిందనుకున్నాను."

"పెట్టారక్కా. పేరుంది దానికి."

"మరి ఎందుకు చెప్పలేదు తల్లీ?"

నాకు ఒళ్ళు మండింది. "ఎలా చెబుతుంది? అది మా మామగారి తల్లి పేరు! నువ్వు ఏ ఇంటికైనా కోడలిగా వెళ్ళి ఉంటే తెలిసేది. బిష్కెక్‌లో కుర్చీలో కూర్చుని నియమాలు రాస్తే తెలుస్తుందా?"

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. "నిజమే. విన్నాను, చిన్నప్పుడు మా అవ్వ కూడా... అది పాతకాలం సంగతనుకున్నాను. అపా, పోనీ మీరైనా చెప్పి ఉండాల్సింది."

"నేను మాత్రం కోడలిని కానా?" అంది మా అత్త. "ఆవిడ నాకు అత్తే కదే!"

ముగ్గురికి ముగ్గురం కోడళ్ళమే. మామగారు పోయి మూడేళ్ళయింది. మగవాళ్ళు మంద దగ్గరున్నారు, పిల్లలు బడి నుంచి రాలేదు. ఆ పేరు పలకగలిగిన నోరు ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. ఇంకోసారైతే ఈ తమాషాకి నేనే అందరికంటే ముందు నవ్వేదాన్ని.

"ఆనవాలైనా చెప్పు," అంది డాక్టరమ్మ మెల్లిగా.

మీరిమ్ తల వంచుకుని చెప్పింది. "ఒక పండు అక్కా. దక్షిణం నుంచి బజారుకొస్తుంది. తొక్క ఒలిస్తే లోపల ఎర్రటి గింజలు. ఆ పండు, ముందర. వెనకాల కాన్ అని."

"అనార్... అనార్కాన్?"

నేను రాస్తున్నాను గనక సరిపోయింది. చేతితో రాయడం వేరు, నోటితో అనడం వేరు.

ఆ పేరు వినగానే మీరిమ్ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. మా మామగారు ఆ పిల్ల చెవిలో ఆ పేరు చెప్పినప్పుడు విన్నది, మళ్ళీ ఇప్పుడే. ఆయన ఆ పిల్ల పోయాక తన తల్లి పేరు తనే ఎత్తలేదు. మొగుడు మంచివాడే కానీ మగవాళ్ళు అలాంటివి మాట్లాడరు. తొమ్మిదేళ్ళ నుంచి తన కూతురి పేరు ఎవరి నోటా వినలేదు, తను అననూ లేదు.

"మళ్ళీ అనండి అక్కా."

"అనార్కాన్."

"ఇంకోసారి."

"అనార్కాన్," అంది డాక్టరమ్మ. నేను ఏడ్చాను. దాచేదేముంది, భోరుమని ఏడ్చాను.

కాసేపయ్యాక డాక్టరమ్మ ఆ కాగితాల మీదికి వంగి చూసింది. "ఈ ఒక్క ఇల్లే కాదు," అంది తనలో తను అనుకున్నట్టు. "ఈ లోయలో పెద్దల పేరు పెట్టిన బిడ్డ ఎవరైనా సరే, ఇలాగే జారిపోయి ఉంటుంది. ముద్దొచ్చిన పిల్లలకే కదా పెద్దల పేర్లు పెడతారు. ఎంతమందిని వదిలేశానో."

"అయితే ఇప్పుడేం చేస్తావు?" అన్నాను. "ఈ సంగతి మీ పైవాళ్ళకి చెబుతావా, లేకపోతే మేలు జరిగిందని మా చేత ఫోనులో పలికించుకుని చక్కా పోతావా?"

"చెబితే, నా లెక్క తప్పని అందరికీ తెలుస్తుంది జానిల్."

"తెలుస్తుంది."

"ఇన్ని దేశాల్లో, ఇంతమందికి."

"మరి ఇంతమందీ మెచ్చుకున్నప్పుడు తీయగా ఉంది కదా?"

పాపం, నేనూ ఆ మాట అనాల్సింది కాదేమో, కానీ నోరు ఊరుకోదు కదా. మీరిమ్ మాత్రం మా ఇద్దరి మాటా వినలేదు. ఆ బొమ్మ మీద వేలు అక్కడే పెట్టి ఉంది.

"నాకవన్నీ తెలియవు అక్కా. నా పిల్లకి ఇక్కడ చుక్క పెట్టండి. అంతే."

డాక్టరమ్మ దాని వైపు చూసింది. ఫోను తీసి సంచిలో పడేసింది. "పెడతాను," అంది. "సవరణ వేయిస్తాను. కానీ మీరిమ్, ఆ ముప్పై ఒక్కమందికీ ఏ నియమమో దీనికీ అదే. పేరు తల్లి నోట ఒకసారి రావాలి, అత్త నోట ఒకసారి రావాలి. నేను ఊహించి అన్నది చెల్లదు."

మా అందరి చూపూ మా అత్త మీదికి వెళ్ళింది. ఆవిడ జపమాల తిప్పుతున్న వేళ్ళు ఆగాయి.

"నా వల్ల కాదు."

"అపా..."

"కాదంటే కాదు. పదహారేళ్ళప్పుడు ఈ ఇంటికొచ్చాను. రొట్టె ఎలా కాల్చాలో ఆవిడే నేర్పింది. నాకు కాన్పు కష్టమైతే ఆవిడే పక్కన కూర్చుని నడుము పట్టింది. ఇన్నేళ్ళూ ఆవిడ పేరు నా పెదవి దాటలేదు. రేపు చచ్చి ఆవిడ దగ్గరికి పోయాక, ఏమే, ముసలితనంలో నోరు జారావట అంటే ఏ మొహం పెట్టుకోను?"

"మనవరాలు కూడా అక్కడే ఉంది కదా అత్తా," అన్నాను. "నన్నెందుకు లెక్కలో వెయ్యనివ్వలేదు అవ్వా అని అది అడిగితే?"

"నోర్ముయ్యవే జానిల్!"

మూశాను. మా అత్త అంతలా గద్దించడం చాలా ఏళ్ళ తరవాత అదే.

మీరిమ్ బతిమాలుతుందనుకున్నాను. బతిమాలలేదు. లేచి, తలగుడ్డ సర్దుకుని, గుమ్మం దాటి వాకిట్లోకి వెళ్ళింది. డాక్టరమ్మ వెనకే వెళ్ళి గుమ్మం బయట నిలబడింది. నేను తలుపు దగ్గరున్నాను. పొద్దు వాలుతోంది. ఏటి వైపు నుంచి గొర్రెలు వస్తున్నాయి. ఎదురింటి ఆడమనిషి బిందెతో నీళ్ళు మోసుకెళ్తోంది.

మీరిమ్ కంచె దగ్గర నిలబడి నోరు తెరిచింది. గొంతు రాలేదు. అలవాటు లేని మాట కదా, మరి. చేత్తో నోరు మూసుకుంది, మళ్ళీ తీసింది. పెదవులు ఆడుతున్నాయి కానీ చప్పుడు లేదు. ఇక ఇది కాదులే అనుకున్నాను.

అప్పుడు రెండు చేతులూ నోటికి ఆన్చి, రోజూ సాయంత్రం కొడుకుల్ని ఏటి ఒడ్డు నుంచి ఎలా కేకేస్తుందో అలాగే కేకేసింది.

"అనార్కాన్! ఇంటికి రావే! చలిపెడుతోంది, ఇంటికి రా!"

ఎదురింటామె బిందె కింద పెట్టేసింది. మీరిమ్ ఆగలేదు. ఒక్కసారి అంటే చాలని డాక్టరమ్మ చెప్పింది, అయినా ఆగలేదు. కొండవార ఆ నాలుగు రాళ్ళున్న వైపు తిరిగి మళ్ళీ పిలిచింది, మళ్ళీ పిలిచింది. "అనార్కాన్! అనార్కాన్!" తొమ్మిదేళ్ళు పిలవాల్సినవన్నీ ఒక్కసారే పిలుస్తున్నట్టుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. కోడలు అత్తింటి పెద్దావిడ పేరు పట్టుకుని ఊరంతా వినేలా అరుస్తోంది. ఒక్కరంటే ఒక్కరు ఏమీ అనలేదు.

లోపల మా అత్త నన్ను పిలిచింది.

"ఎవర్నే అది, అలా పిలుస్తోంది?"

ఆవిడకి తెలియదా? తెలుసు. "కూతుర్ని, అత్తా," అన్నాను.

"ఎంతసేపు పిలుస్తుంది?"

"రావట్లేదు కదా అత్తా. పిలుస్తూనే ఉంటుంది."

ఆవిడ జపమాల ఒళ్ళోంచి తీసి పరుపు మీద పెట్టింది. "నన్ను లేపు," అంది. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా ఎవరి సాయమూ లేకుండా లేవలేని మనిషి. చంకల కింద చేతులు వేసి లేపాను. నా భుజం పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. చేత్తో ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"అనార్కాన్!" అని అరిచింది మా అత్త, కొండ వైపు చూసి. ముసలి గొంతు, పగిలిపోయింది. "ఏమే, మీ అమ్మ ఇందాకట్నుంచి పిలుస్తుంటే వినపడట్లేదుటే?"

మీరిమ్ గిర్రున వెనక్కి తిరిగింది. పరిగెత్తుకొచ్చి మా అత్త కాళ్ళ దగ్గర కూలబడింది. మా అత్త వంగలేక, దాని తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. "ఊరుకో," అంది. "ఊరుకోవే పిచ్చిదానా. ఆవిడేమీ అనుకోదులే. ఆవిడ పిల్లే కదా." డాక్టరమ్మ గోడ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

మర్నాడు వెళ్ళిపోవాల్సిన మనిషి వేసవంతా మా దగ్గరే ఉండిపోయింది. మళ్ళీ గడప గడపా తొక్కింది. ఈసారి నేను కూడా వెంట వెళ్ళాను. ఇళ్ళల్లో ఆడవాళ్ళు గుటకలు మింగుతుంటే, "చెప్పండమ్మా, మా అత్త చెప్పింది, మీకేం?" అని నేనే దబాయించాను. మా అత్త చెప్పిందన్న మాట మాకంటే ముందే వెళ్ళిపోయింది. కొందరు చెప్పారు, కొందరు ఎంత అడిగినా చెప్పలేదు. చెప్పనివాళ్ళని డాక్టరమ్మ బలవంతపెట్టనివ్వలేదు.

ఆకులు రాలే రోజుల్లో బిష్కెక్ నుంచి ఫోను చేసింది. సవరణ అచ్చయిందట. అందరం చుట్టూ చేరాం. మా అత్త కూడా చెవి ఒగ్గింది. డాక్టరమ్మ మా భాషలోకి మార్చి చదివింది. ముప్పై ఒకటి అని ఉన్నచోట నలభై అని చదువుకోవాలట. పేరు ఉంటేనే లెక్క అన్న నియమం వల్ల కొందరు బిడ్డలు తప్పిపోయారట, అందుకు రచయిత్రి చింతిస్తోందట. తరవాత చివరి వాక్యం చదివింది.

"ఈ సవరణ వల్ల వ్యాసం తేల్చిన విషయంలో మార్పేమీ లేదు."

"మార్పేమీ లేదా?" అని లేచాను నేను. "తొమ్మిదిమంది బిడ్డలు వచ్చి చేరితే మార్పు లేదా? ఎవరు రాశారీ మాట?"

"నేనే రాశాను జానిల్," అంది డాక్టరమ్మ. "అలా రాయాలి. చలితోనే పోయారు, తల్లి ఒళ్ళే మందు. అది మారలేదు కదా."

"నిజమే," అంది మీరిమ్. "ఏం మారుతుంది. అది రాదు కదా."

ఆ వ్యాసాన్ని ఇన్ని వేలమంది వాడుకున్నారు, ఈ సవరణని ఎవరైనా చూస్తారా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. మీరిమ్ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"డాక్టరక్కా, పదకొండు మీద చుక్క పెట్టారా?"

"పెట్టానమ్మా."

"ఒక్కటేనా అక్కడ?"

"లేదు, రెండు. ఎగువ ఊళ్ళో ఒక పిల్లాడు దొరికాడు చూడు, తాతగారి పేరు పెట్టినవాడు. వాడూ పదకొండో రోజే. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు."

"ఆనుకునే ఉన్నాయా చుక్కలు?"

"ఆనుకునే ఉన్నాయి."

మీరిమ్ ఫోను గుండెకి ఆన్చుకుంది. "అమ్మయ్య," అంది. "అంత తెల్లటి చోట ఒక్కతే ఉంటుందేమోనని బెంగపెట్టుకున్నాను."